సవర కొండలలో అక్షరము నాటిన గిడుగు రామమూర్తి పంతులుగారు

(ధ్యానమునకు: నెహెమ్యా 8:1-8, 1 కొరింథీయులకు 14:6-19)



నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో యెరూషలేము నీటి గుమ్మము ఎదుట కూడుకొనిన జనమును మీరెరుగుదురు. శాస్త్రియగు ఎజ్రా కఱ్ఱ పీఠము మీద నిలిచి, తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివెను. అంతటితో పని తీరలేదు. లేవీయులు జనుల నడుమ నిలువబడి, చదివినదాని భావమును విడమరచి చెప్పిరి. జనులు ఏడ్చినది మాటలు గ్రహించిన తరువాతనే. మేము ఈ భాగమును చదివినప్పుడెల్ల ఆ లేవీయుల పేరులు కొంచెము నిదానముగా చదువుదుము. పీఠమెక్కి చదివినవాడు ఎజ్రా గాని, క్రింద నిలిచి చెమటోడ్చినవారు వీరు.

ఆగస్టు 29వ తేదీని మన ప్రభుత్వమువారు తెలుగు భాషా దినోత్సవముగా జరిపించుచున్నారు. బడి పిల్లలు ఆ దినమున ఒక పెద్దమనిషి పటమునకు పూలదండ వేయుదురు. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన మన సంఘస్థుడు కాడు, బాప్తిస్మము పొందినవాడును కాడు. అయినను సమరయుని మేలు చెప్పుటకు మన ప్రభువు వెనుదీయలేదు గనుక, ఈ నెల ఆయన జీవితమును మీకు చెప్పదలచితిమి.

ఆయన 1863వ సంవత్సరము ఆగస్టు 29న, శ్రీకాకుళమునకు ఉత్తరమున, వంశధార నది ఒడ్డున ముఖలింగ క్షేత్రమునకు దగ్గరనున్న పర్వతాలపేట గ్రామమున పుట్టెను. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానములో రెవిన్యూ ఉద్యోగి. చోడవరమునకు బదిలీయై వెళ్లి, 1875లో జ్వరముతో అక్కడనే కన్నుమూసెను. అప్పటికి ఈ కుమారునికి పండ్రెండేండ్లు. విజయనగరములో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు అక్కడ ఈయనకు సహపాఠి. 1879లో మెట్రిక్యులేషను ప్యాసై, మరుసటి యేడు ముప్పది రూపాయల జీతము మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారము పిల్లలకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడాయెను. తరువాతి పరీక్షలన్నియు ఉద్యోగము చేయుచు ఇంటనే చదివి ప్యాసయ్యెను. ముఖలింగ దేవాలయపు గోడల మీది పాత శాసనములను తనంతట తానే చదువ నేర్చుకొని, వాటిని గూర్చి ఇంగ్లీషు పత్రికలలో వ్యాసములు వ్రాసెను.

ఇంతవరకు ఒక తెలివైన ఉపాధ్యాయుని కథయే. ఇటువంటివారు ఆ దినములలో ఇంకను ఉండిరి.

పర్లాకిమిడి చుట్టు కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. సంతకు దిగివచ్చి, తెచ్చిన సరకు అమ్ముకొని, ఉప్పో బట్టో కొనుక్కొని తిరిగి కొండ యెక్కుదురు. వారి భాష తెలుగు కాదు, ఒరియా కాదు, ఆ రెండిటికిని చుట్టమును కాదు. ముండా భాషలని పిలువబడు వేరొక కుటుంబములోనిది. పట్టణమువారి చెవికి అది అర్థము లేని కూతవలె వినబడెడిది. వర్తకుడు వారితో వచ్చీరాని మాటలతో బేరము చేసి లాభము తీసికొనును. కచేరీలో వారి మొర వినువాడు లేడు. వారి పిల్లలకు బడి లేదు. ఉన్నను వారికి తెలిసిన భాషలో చెప్పు పంతులు లేడు.

రామమూర్తి పంతులుగారు ఆ సంతలో నిలిచి విన్నాడు. మిగిలినవారును ప్రతి వారము వినుచునే యుండిరి. ఈయన మాత్రము అది భాషయని, దానికొక క్రమము ఉండవలెనని తలచెను. తెలుగు వచ్చిన సవర మనిషినొకనిని తన ఇంటనే ఉంచుకొని, దినదినము కూర్చుండి అతని మాట నేర్చుకొనెను. ఇది ఏండ్ల తరబడి సాగిన పని. అంతకు ముందు ఆ భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. ఒక్కొక్క శబ్దమును పట్టుకొనవలెను. సవరలు కొన్ని అచ్చులను గొంతులో నొక్కి ఆపి పలుకుదురు. ఆ నొక్కు తప్పినచో మాట అర్థమే మారిపోవును. మనము మూడు నాలుగు మాటలుగా చెప్పు సంగతిని వారు క్రియలోనే ఇమిడ్చి ఒకే మాటగా చెప్పగలరు. అడవి మనుష్యుల మాటలో ఏమున్నదని నవ్వినవారికి ఈ సంగతులు తెలియవు.

నేర్చుకొని ఊరకుండలేదు. తెలుగు లిపిలో సవర భాషకు వాచకములు వ్రాసెను. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించెను. వారికి తన ఇంట అన్నము పెట్టి చదువు చెప్పెనని ఆయన జీవితము వ్రాసినవారు చెప్పుచున్నారు. ఈనాడు ఈ వాక్యము చదువుటకు తేలికగా నున్నది. నూటిరువది యేండ్ల క్రిందట బ్రాహ్మణ గృహస్థుడు కొండ పిల్లలను ఇంట కూర్చుండబెట్టుట ఎట్టిదో మన పెద్దలు ఎరుగుదురు. మద్రాసు ప్రభుత్వమువారు ఈ కృషికి మెచ్చి పారితోషికము ఇయ్యబోగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టి నడిపించుడని కోరెనట.

దీనికి ఆయన చెల్లించిన వెల ఒకటి ఉన్నది. కొండ గ్రామములు తిరుగుటచేత మలేరియా జ్వరము పట్టెను. దానికి క్వినైను పుచ్చుకొనగా పుచ్చుకొనగా చెవులు దెబ్బతినెను. ఆ చెవుడు జీవితాంతము విడువలేదు. మేము ఈ సంగతి మొదట చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఎవరును చెవి యొగ్గని మాటకు చెవి యొగ్గుటకై వెళ్లినవాడు, ఆ దారిలోనే చెవులు పోగొట్టుకొనెను. ఆ తరువాత ముప్పది యేండ్లు జనులు మాటలాడు భాష కొరకు ఆయన చేసిన పోరాటమంతయు ఆ చెవిటితనముతోనే చేసెను.

ఆ పోరాటము సంగతి ఇది. 1907లో జె. ఎ. యేట్సు అను దొరగారు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. తరగతులలో కూర్చుండి తెలుగు పాఠములు వినగా, వీధిలో జనులు మాటలాడు తెలుగు వేరు, పుస్తకములోని తెలుగు వేరుగా కనబడెను. ఎందుకిట్లున్నదని విశాఖపట్టణములో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారినడిగెను. ఆయన ఈ ప్రశ్నకు బదులు చెప్పదగినవారని గురజాడవారి పేరును, గిడుగువారి పేరును చెప్పెను. ఈ నలుగురితో వ్యావహారిక భాషోద్యమము ఆరంభమాయెను.

ఈ వివాదము పండితులకే గాని మనకేల అని మీలో కొందరనుకొందురు. కొంచెమోర్చుడి. బడికి పోయిన పిల్లవాని సంగతి చూడుడి. ఇంట వాడు అన్నం తిన్నాను అనును. బడిలో వ్యాసము వ్రాయునప్పుడు అన్నము తింటిని అని వ్రాయవలెను. ఎవరి నోటను వినబడని అరసున్నలు పెట్టవలెను. రెండు విధముల రకారములలో ఏ మాటకు ఏది వచ్చునో కంఠస్థము చేయవలెను. చెప్పదలచిన సంగతి పిల్లవాని మనసులోనే యుండిపోవును. వాని బలమంతయు తప్పులు తప్పించుకొనుటకే సరిపోవును. తరతరములుగా ఇంట పుస్తకములున్న కుటుంబములోని పిల్లవాడు ఎట్లో గట్టెక్కును. తన వంశములో మొట్టమొదట పలక పట్టిన పిల్లవాడు మొద్దు అనిపించుకొని బడి మానును. మన పల్లెలలో ఆ విధముగా బడి మానినవారెందరో మీరే లెక్కించుకొనుడి.

సవర పిల్లవానికి వాని భాషలోనే చదువు చెప్పవలెనని కనుగొనిన ఉపాధ్యాయుడు, తెలుగు పిల్లవాడును అదే కష్టములో నున్నాడని గ్రహించెను. 1911లో ముప్పది యేండ్ల ఉద్యోగము చాలించుకొని ఈ పనికే పూనుకొనెను. ఆ ప్రయత్నముల ఫలముగా స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును పాత కావ్యభాషలోనైనను, ఆధునిక భాషలోనైనను వ్రాయవచ్చునని అనుమతి వచ్చెను. అది నిలువలేదు. జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయశాస్త్రిగారు మొదలగు గొప్ప పండితులు ఎదురు నిలిచిరి. మద్రాసులో 1911లో స్థాపింపబడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ పక్షమున నుండెను. సభలు, మహజరులు, కరపత్రములు, విశ్వవిద్యాలయపు వ్యాసరచన సంఘములో వాదములు. ఆ సంఘములో గురజాడవారు తమ అసమ్మతిని గ్రంథమంత పొడుగున వ్రాసి యిచ్చిరి. అయినను అనుమతి రద్దాయెను. 1915 నవంబరులో గురజాడవారును మరణించిరి.

ఎదుటి పక్షమువారు దుర్మార్గులని మేము చెప్పము. వారి భయములో కొంత న్యాయమున్నది. శ్రీకాకుళమువాని మాట నెల్లూరువానికి తెలియదు. ఎవరి మాట వారు వ్రాసికొన్నచో అందరికి తెలిసిన తెలుగు ఏది అని వారడిగిరి. పూర్వకవుల గ్రంథములు రేపటి పిల్లలకు పరాయివగునని బెంగపడిరి. గిడుగువారు పూర్వకవులను మానుమనలేదు. చదువుడి, ఆనందించుడి, మీరు వ్రాయునప్పుడు మాత్రము బ్రదికియున్న భాష వ్రాయుడి అనునది ఆయన పట్టు. ఆయన వాదించు పద్ధతియు మాకిష్టము. కోపపడుటకు మారుగా పుస్తకములు తెరచి చూపెడివాడు. పాత శాసనములు, వ్యాఖ్యానములు, వైద్య గ్రంథములు, లేఖలు వెదకి, మన పూర్వులు వచనమును వాడుక మాటలతోనే వ్రాసిరని నిరూపించెను. గద్యచింతామణి అందుకొరకు కూర్చినదే. వ్యాకరణమువారు తప్పులని కొట్టివేసిన రూపములు మహాకవుల పద్యములలోనే ఉన్నవని బాలకవిశరణ్యములో చూపెను. పండితుల రచనలనే తీసి, వారు పిల్లలకు విధించిన నియమములను వారే ఎన్నిచోట్ల తప్పిరో గురుతు పెట్టెను. మోయశక్యముకాని బరువులు కట్టి మనుష్యుల భుజముల మీద పెట్టి, తాము వ్రేలితోనైనను ముట్టనివారిని గూర్చి మన ప్రభువు చెప్పినది ఇక్కడ మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. 1916లో కొవ్వూరు సభలో గంటల తరబడి నిలిచి పుస్తకములు చూపుచు వాదించెను.

ఈ కథలో మాకు మిక్కిలి ప్రియమైన భాగము రాజమహేంద్రవరమున జరిగినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు తెలియని ఇల్లు లేదు. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసి, ఆ భాషలోనే కీర్తి గడించినవాడాయన. తొలుత ఆయనయు ఈ ఉద్యమమునకు అనుకూలుడు కాడు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినప్పుడు, డెబ్బది యేండ్ల వయసున, ఆయనయే దానికి అధ్యక్షుడాయెను. గిడుగువారు కార్యదర్శి. ఆ మే నెల 27న వీరేశలింగంగారు చనిపోయిరి. మూడు నెలలు మాత్రమే. ముసలితనమున, పేరు వచ్చిన తరువాత, తాను నడచిన త్రోవ మార్చుకొనుట ఎంత కష్టమో మా వంటి ఉపదేశకులకు బాగుగా తెలియును. అదే సంవత్సరము గిడుగువారు తెలుగు అను మాసపత్రిక పెట్టిరి. అది ఎక్కువకాలము నడువలేదు. మెల్లమెల్లగా గాలి మారెను. 1924లో సాహిత్య పరిషత్తువారే వాడుక భాష మీది నిషేధమును తీసివేసిరి.

ఇక్కడ మా సంగతి కొంచెము చెప్పక తప్పదు. దైవశాస్త్ర విద్య ముగించి మొదటి సంఘమునకు వచ్చినప్పుడు మేము ప్రసంగములన్నియు పెద్ద మాటలతో వ్రాసికొని చదివెడివారము. ఒక ఆదివారము ఆరాధన ముగియగానే ఒక వృద్ధురాలు దగ్గరకు వచ్చి, చాల బాగుగా చదివితిరని మెచ్చుకొని, ఏమి చెప్పితిరో ఇంటికి వచ్చి ఒకమారు చెప్పి పొమ్మని వేడుకొనెను. ఆమె వేళాకోళమాడలేదు. నిజముగా తెలిసికొనవలెనని అడిగెను. ఆ సాయంకాలము ఆమె అరుగు మీద కూర్చుండి చెప్పినదే మేము చేసిన మొదటి ప్రసంగమని ఇప్పుడనుకొందుము. తెలియని భాషలో పదివేల మాటలకంటె బోధపడు అయిదు మాటలు మేలని పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసినది అంతకు ముందు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న మాటయే.

మీరు నవ్వవచ్చును. ఇదంతయు చెప్పుచు మేమును ఉన్నాము, వ్రాయుచున్నాము అనుచునే వ్రాయుచున్నాము గదా. నిజమే. మన వేదము ఈ భాషలో మన తాతల చెవులలో పడినది. దీపము దగ్గర అమ్మమ్మ చదివిన కీర్తనలు ఈ ధ్వనితోనే మనసులో నిలిచినవి. కలము పట్టినంతనే చేయి అటే పోవును. ప్రసంగపీఠము మీద మాత్రము ఈ అలవాటు మానుకొంటిమి. పత్రికలో ఇంకను మానలేదు.

గిడుగువారిని గూర్చి మాకొక ఫిర్యాదును కలదు. ఆయన కోరినది శిష్టవ్యావహారికము, అనగా చదువుకొన్న మర్యాదస్థులు మాటలాడు తెలుగు. ఎవరి మాట ప్రమాణమని పండితులడిగినప్పుడు ఆయన చూపినది అదే. మరి మన పేటల మాట? మాలపల్లెలో, మాదిగపల్లెలో, పొలము గట్టున, బోరింగు దగ్గర వినబడు తెలుగు ఆ లెక్కలో చేరలేదు. తెలంగాణ పల్లెల మాటయు చేరలేదు. ఆ కారణముచేతనే మన పిల్లలు ఈనాటికిని తరగతిలో నోరు తెరచుటకు జంకుదురు. ఇంటి మాట పొరపాటున వచ్చినచో తోటివారు నవ్వుదురని. తెలుగులో సగము దారిలో ఆగిన ఆ పంతులుగారే సవర కొండలలో మాత్రము ఆగలేదు. అక్కడ శిష్టులెవరని అడుగలేదు. సంతకు వచ్చిన మనిషి ఎట్లు పలికెనో అట్లే వ్రాసికొనెను. మేము ఆయన జీవితమును ఆ కొండల వైపునుండియే చదువుటకు ఇష్టపడుదుము.

ఆ పని ఆయన వృద్ధాప్యము వరకు సాగెను. కుమారుడు సీతాపతిగారును చేయి కలిపెను. సవర భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణము 1931లోను, ఇంగ్లీషు సవర నిఘంటువు 1933లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముచే అచ్చువేయబడెను. చివరిది వచ్చునప్పటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు. ప్రభుత్వము రావు సాహెబు బిరుదును, కైజరు-ఇ-హింద్ పతకమును ఇచ్చెను. మన కెనడియన్ బాప్టిస్టు మిషనువారును పర్లాకిమిడిలోను, ఆ కొండలలోని సెరంగోలోను పని చేసిరి. ఆ పనిని ఈయన పనితో మేము ముడిపెట్టము. ఎవరి పిలుపు వారిది. నేడు సవర కొండలలో అనేక సంఘములున్నవి. వారు వేదమును సవర భాషలోనే చదువుకొనుచున్నారు.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఆ రాష్ట్రములో చేరెను. తెలుగు ప్రాంతములు అటు పోరాదని పంతులుగారు పోరాడెను గాని ఫలించలేదు. కొత్త రాష్ట్రము ఆరంభమగు వేళ, ఏబది యేండ్లకు పైగా కాపురమున్న ఊరు విడిచి, రాజమహేంద్రవరమునకు వచ్చివేసెను. ఆ వయసులో పుస్తకములు, సవర కాగితములు మూటగట్టుకొని ఇల్లు మారుట ఎట్లుండెనో.

1940 జనవరి నెలలో ఆయన మద్రాసు నగరమున ఉండెను. ఆ నెల 15వ తేదీన ప్రజామిత్ర పత్రిక కార్యాలయములో పత్రికలవారితో సమావేశమై, పాఠశాలల పుస్తకములలోను, పరీక్షలలోను, ప్రభుత్వపు కాగితములలోను ఇంకను పాత భాషయే నిలిచియున్నదని చెప్పి, దానిని మార్చు భారము మీదేనని కోరెను. వారము దినములకు, జనవరి 22న కన్నుమూసెను. బడులలోను, కళాశాలలలోను పిల్లలు తమ మాటతో పరీక్షలు వ్రాయుట ఆయన పోయిన చాల యేండ్లకు గాని జరుగలేదు.